రెండేళ్ల బాబుతో డిస్నీ వరల్డ్‌కి వెళ్లొచ్చా? ఎన్ని రోజులు, ఏ పార్కులు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరుండేది డల్లాస్‌లో. బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. రాజమండ్రి నుంచి మీ అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. సెప్టెంబరు చివర్లో వారం సెలవు దొరికింది. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు కాబట్టి ఓర్లాండో డిస్నీ వరల్డ్ ఇప్పుడే చూసి రావాలని మీవారు, వాడికేం గుర్తుంటుంది దండగ అని మీరు. వెళ్తే నాలుగు రోజుల్లో నాలుగు పార్కులూ అవుతాయా అని అడిగారు.

వెళ్లండి. నాలుగు పార్కులు మాత్రం పెట్టుకోకండి. ఐదు రాత్రులు ఉండి, పార్కులకి మూడు పూటలు చాలు: రెండు పూటలు మ్యాజిక్ కింగ్‌డమ్, ఒక పూట యానిమల్ కింగ్‌డమ్. రోజులు అనకుండా పూటలు అన్నానంటే కారణం ఉంది. రెండేళ్ల పిల్లాడికి మధ్యాహ్నం నిద్ర ఉంటుంది. మీ ట్రిప్ బాగా జరగడమా, ఏడుపులతో ముగియడమా అన్నది ఆ నిద్ర మీదే ఆధారపడి ఉంటుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

మేం టాంపాలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. డిస్నీ మాకు కారులో గంట, గంటంబావు. కొన్నేళ్లు యాన్యువల్ పాస్ కూడా తీసుకున్నాం. మా ఇద్దరు పిల్లల్నీ రెండేళ్ల వయసులో తిప్పాను. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తగారిని, పిన్ని వాళ్లని, మా ఆయన స్నేహితుల తల్లిదండ్రుల్ని కూడా తిప్పాను. మా వాట్సాప్ గ్రూపులో నన్ను గైడమ్మ అంటారు. ఇందులో సగం చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

మొదట ఆ ఫ్రీ సంగతి. మూడేళ్లు నిండని పిల్లలకి నాలుగు పార్కుల్లోనూ టికెట్ అక్కర్లేదు, నిజమే. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల టికెట్ పెద్దవాళ్ల టికెట్ కంటే కాస్తే తక్కువ. కానీ బాబు టికెట్ ఫ్రీ అయినా, వాడి వెనక నడిచే నలుగురు పెద్దవాళ్ల టికెట్లు ఫ్రీ కాదు. ఒక్క రోజు టికెట్ తేదీని బట్టి సుమారు 120 డాలర్ల నుంచి 200 దాకా ఉంటుంది. ఎక్కువ రోజులు కొంటే రోజుకి పడేది తగ్గుతుంది. మీరు ఆదా చేసేది ఐదు టికెట్లలో ఒకటి, అంతే. విమానంలో రెండేళ్లు దాటిన పిల్లాడికి ఎలాగూ సీటు కొనాలి. ఫ్రీ కదా అని పరిగెత్తే ట్రిప్పులు చాలా చూశాను. అలా వెళ్లినవాళ్లే డబ్బు గిట్టుబాటు కావాలని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదింటి దాకా పార్కులో ఉంటారు.

మూడు రోజుల టికెట్ తీసుకుంటే దాన్ని ఐదు రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. అందుకే ఐదు రాత్రులన్నాను. మధ్యలో ఖాళీ రోజులు పెట్టండి. పార్క్ హాపర్ (ఒకే రోజు ఒకటికంటే ఎక్కువ పార్కులు తిరిగే టికెట్) తీసుకోకండి. ఒక పార్కులోంచి బయటికొచ్చి గదికెళ్లి, అదే రోజు మళ్లీ అదే పార్కుకి రావడానికి మామూలు టికెట్ సరిపోతుంది. ఇది చాలామందికి తెలియదు.

గుర్తుండదు కదా అన్నారు. నిజమే, ఉండదు. మా అమ్మాయికి ఒక్క ముక్క గుర్తులేదు. కానీ అది మొదటిసారి మిక్కీని చూసి ఇంట్లో మా నాన్న లుంగీ వెనక దాక్కునేట్టే ఆయన ప్యాంటు పట్టుకుని దాక్కుంది చూడండి, ఆ సంగతి మా నాన్న ఇప్పటికీ ఫోన్లో చెప్తుంటారు. మీ మామగారికి గుర్తుంటుంది, మీకు గుర్తుంటుంది. ఆ లెక్కన దండగ కాదు.

ఇక నేను చేసిన తప్పు. మా అమ్మాయికి ఇరవై ఆరు నెలలప్పుడు మొదటిసారి మ్యాజిక్ కింగ్‌డమ్ వెళ్లాం. నా దగ్గర గంట గంటకీ ప్లాన్ రాసిన కాగితం ఉంది. గేటు తీసేసరికి ఉన్నాం. మధ్యాహ్నం స్ట్రోలర్లోనే పడుకుంటుందిలే అనుకున్నాం. ఎండ, పాటలు, జనం, ఎక్కడ పడుకుంటుంది? నాలుగింటికి సరిగ్గా మిక్కీ లైన్లో మా వంతు వచ్చేసరికి భుజం మీద పడి నిద్రపోయింది. ఇరవై నిమిషాలకి లేచి ఏడుపు. అయినా బుద్ధి రాలేదు, బాణసంచా చూడాలని రాత్రి దాకా కోట ముందు కూర్చున్నాం. మొదటి చప్పుడుకే పిల్ల నా మెడ పట్టుకుని వణికిపోయింది. చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు, పక్కకి కదలడానికి లేదు. చెవుల మీద నా అరచేతులు పెట్టి, దాని మొహం నా చున్నీలో కప్పి, పావుగంట పైన అలాగే ఉండిపోయాను. అయ్యాక అందరూ ఒక్కసారే బయటికి. ఫెర్రీ దగ్గర వైకుంఠ ఏకాదశి నాడు తిరుమలలో ఉన్నట్టుంది. గదికి చేరేసరికి పదకొండున్నర. మర్నాడు పిల్లకి జ్వరం, మూడో రోజు మా ఇద్దరికీ మాటల్లేవు.

మా అబ్బాయి రెండేళ్లవాడయ్యేసరికి ఆ కాగితం మానేశాను. వాడు ఎనిమిదిన్నరకి డంబో ఏనుగు ఎక్కి, దిగి, రెండోసారి ఎక్కి, మళ్లీ దిగాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని జంతిక తింటుంటే, వంకర ముక్కున్న తెల్లటి కొంగ ఒకటి వచ్చి చేతిలోని జంతిక లాక్కుపోయింది. అవి అక్కడ కోళ్లలాగా టేబుళ్ల మధ్య తిరుగుతుంటాయి. వాడు ఏడవలేదు సరికదా, అరగంట ఆ కొంగల వెనకే తిరిగాడు. మా ఆయన టికెట్ ధర గుర్తు చేసుకుని నిట్టూర్చారు. పదకొండున్నరకి బయల్దేరి వచ్చేశాం. వాడు రెండు గంటలు పడుకున్నాడు, సాయంత్రం అయిదున్నరకి మళ్లీ వెళ్లాం. మా ఇంట్లో ఇప్పటికీ బెస్టు డిస్నీ రోజు అదే.

కాబట్టి రోజు ఇలా ఉండాలి: పార్కు తెరవడానికి అరగంట ముందే గేటు దగ్గర ఉండండి. రెండేళ్లవాడు ఎలాగూ ఆరింటికే లేస్తాడు, వాడి అలవాటు ఇక్కడ మీకు పనికొస్తుంది. మొదటి రెండు గంటల్లో అయ్యే పని మధ్యాహ్నం నాలుగు గంటల్లో అవదు. పదకొండున్నర, పన్నెండుకి బయటపడండి. భోజనం, నిద్ర. ఓపికుంటే సాయంత్రం మళ్లీ వెళ్లండి, లేకపోతే స్విమ్మింగ్ పూల్లో గడపండి.

ఇలా చెయ్యాలంటే ఎక్కడ దిగుతారన్నది ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా కిస్సిమ్మీ, డావెన్‌పోర్ట్ వైపు వెకేషన్ హోమ్ తీసుకుంటారు. వంటిల్లు ఉంటుంది, నాలుగు గదులు, అత్తగారికి కాఫీ డికాక్షన్ వేసుకునే వీలు. తప్పు లేదు. కానీ మ్యాజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారులో వెళ్తే పార్కింగ్ దగ్గర దిగి, అక్కడినుంచి ట్రామో నడకో, ఆపైన సెక్యూరిటీ, ఆ తర్వాత మోనోరైలో ఫెర్రీయో ఎక్కి చెరువు దాటితేగాని గేటు రాదు. ఇంటి నుంచి గంట, గంటంబావు వేసుకోండి. మధ్యాహ్నం నిద్రకి తిరిగి రావడం ఇక మాటల్లోనే. డిస్నీ వాళ్ల హోటళ్లలో దిగితే బస్సు నేరుగా పార్కు గేటు దగ్గర దించుతుంది, రోజూ అరగంట ముందు లోపలికి వదులుతారు, పార్కుల్లో పార్కింగ్ కట్టక్కర్లేదు (బయటినుంచి వచ్చేవాళ్లు రోజూ కట్టాలి). ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లు ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఉన్నాయి. ఖర్చు ఎక్కువే. మీరు ఐదుగురు, అందులో ఒకరు రెండేళ్లవాడు, ఒకరికి మోకాళ్ల నొప్పి. నేనైతే రాత్రులు ఒకటి తగ్గించుకునైనా లోపలే దిగుతాను.

ఇల్లే తీసుకుంటే ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆ ఇళ్లలో వెనక తలుపు తీస్తే నేరుగా స్విమ్మింగ్ పూలే. వెళ్లగానే సామాను దించకముందే పెరటి తలుపు గడియ, అలారం పని చేస్తున్నాయో లేదో చూడండి. అలారం మోత చిరాకని తీసేసే పెద్దవాళ్లుంటారు, తియ్యనివ్వకండి. ఒకసారి మేం దిగిన ఇంట్లో అలారం బ్యాటరీ లేదు. ఓనరుకి ఫోన్ చేస్తే రేపు చూస్తామన్నారు. ఆ రాత్రి తలుపుకి అడ్డంగా సోఫా జరిపి పడుకున్నాం. అలాగే ఫ్లోరిడాలో చెరువు, కాలువ ఏది కనిపించినా అందులో మొసలి ఉందనుకోవాల్సిందే. గట్టు దాకా పిల్లాణ్ని వదలకండి.

మ్యాజిక్ కింగ్‌డమ్ ఈ నాలుగు పార్కుల్లో పాతది, 1971 అక్టోబరు 1న తెరిచారు. చిన్నపిల్లలకి సరిపోయేవి ఎక్కువ ఉన్నది ఇక్కడే. డంబో, రంకులరాట్నం, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, విన్నీ ద పూ, పీటర్ పాన్, లిటిల్ మెర్మెయిడ్, జంగిల్ క్రూయిజ్, వీటిలో దేనికీ ఎత్తు నిబంధన లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకునో పక్కన పెట్టుకునో వెళ్లొచ్చు. వీటిలో లైను బాగా ఉండేది పీటర్ పాన్‌కి. పొద్దున్నే వెళ్తే అయిపోతుంది, పదింటి తర్వాత గంట దాకా పడుతుంది. టుమారోలాండ్‌లో పీపుల్ మూవర్ అని ఒకటుంది. మెల్లగా పై అంతస్తులో తిప్పుకుని తీసుకొస్తుంది, గాలి తగులుతుంది, పది నిమిషాలు కాళ్లకి విశ్రాంతి. మా అత్తగారికి మొత్తం డిస్నీలో నచ్చింది ఇదొక్కటే, మూడుసార్లు ఎక్కారు.

ఇంట్లోనే టేపుతో బాబు ఎత్తు కొలుచుకోండి. బార్న్‌స్టార్మర్ అనే చిన్న కోస్టర్‌కి 35 అంగుళాలుంటే చాలు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 కావాలి. స్పేస్ మౌంటెన్ 44, ట్రాన్ 48, ఇవి పెద్దవాళ్లవే. మీరూ మీవారూ ఎక్కాలనుకుంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు లైన్లో వెళ్లి ఎక్కి వస్తారు, ఈలోపు ఇంకొకరు బాబు దగ్గరుంటారు. తర్వాత రెండోవాళ్లని మళ్లీ మొత్తం లైను నిలబెట్టకుండా లైట్నింగ్ లేన్ అనే పక్క లైన్లో పంపిస్తారు. దీనికి డబ్బులుండవు. లైను మొదట్లోనే అక్కడున్న ఉద్యోగికి పిల్లాణ్ని చూపించి చెప్పాలి, మధ్యలోకి వెళ్లాక చెప్తే ఉపయోగం ఉండదు.

లైట్నింగ్ లేన్ అంటే మన శీఘ్రదర్శనం లాంటిది, డబ్బు కట్టి పక్క లైన్లో వెళ్లడం. మీకు అక్కర్లేదని నా అభిప్రాయం. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేవాళ్లకి అది వృథా. పైగా అది టైము ప్రకారం నడుస్తుంది, రెండేళ్లవాడు టైము ప్రకారం నడవడు. సరిగ్గా మీకిచ్చిన గంటలోనే వాడు డైపర్ పాడు చేస్తాడు.

ఎత్తు నిబంధన లేదంటే భయం ఉండదని కాదు. హాంటెడ్ మాన్షన్‌కీ ఎత్తు నిబంధన లేదు, లోపల చిమ్మచీకటి, దెయ్యాలు. మావాడు నవ్వాడు, మా చెల్లెలి కూతురు రెండు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు. విన్నీ ద పూలో కూడా కాస్త చీకటి, ఉరుముల సీను ఉంటుంది. ముందు స్మాల్ వరల్డ్ ఎక్కించి వాడి మొహం చూడండి, తెలిసిపోతుంది. మిక్కీ దగ్గరా అంతే. టీవీలో జానెడు మిక్కీ, ఎదురుగా మనిషంత మిక్కీ. ఒళ్లోకి తోయకండి, మీరు షేక్‌హ్యాండ్ ఇచ్చి చూపించండి. దూరం నుంచి తీసిన ఫోటో అయినా ఫోటోయే.

సెప్టెంబరు చివర్లో అన్నారు కాబట్టి ఒక కిటుకు. ఆగస్టు నుంచి అక్టోబరు చివరి దాకా కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్ పార్టీ జరుగుతుంది, దానికి వేరే టికెట్. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికే పంపించేస్తారు. బాణసంచా చూడాలనుకునేవాళ్లు ఆ రోజులు మానేస్తారు కాబట్టి పగలు జనం తక్కువ. మీరెలాగూ మధ్యాహ్నానికి వచ్చేస్తారు. పార్టీ ఉన్న రోజునే మీ మొదటి రోజు పెట్టుకోండి. తేదీలు డిస్నీ సైట్లోనే ఉంటాయి. బాణసంచా చూపించాలనుంటే ఇంకో రోజు చెరువుకి ఇవతల, ఫెర్రీ ఎక్కే టికెట్ సెంటర్ వైపు నిలబడండి. దూరంగా కనిపిస్తుంది, చప్పుడు సగం ఉంటుంది, వాడు ఏడిస్తే కారు దగ్గరే.

వాతావరణం గురించి దాచేదేం లేదు. సెప్టెంబరు ఇక్కడ ఎండాకాలం కిందే లెక్క. చెమట పోస్తుంది, మధ్యాహ్నం మబ్బు పట్టి పిడుగులతో వాన పడుతుంది. పిడుగులు పడేటప్పుడు బయటి రైడ్లు ఆపేస్తారు. హరికేన్ సీజన్ కూడా, నవంబరు 30 దాకా. విమానం, గది రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి. వాన కోట్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, పార్కులో ఖరీదు. స్ట్రోలర్‌కి తగిలించే బ్యాటరీ ఫ్యాను తప్పకుండా కొనండి, అది లేకుండా సెప్టెంబరు కష్టం.

యానిమల్ కింగ్‌డమ్‌కి పొద్దున్నే వెళ్లి ముందు కిలిమంజారో సఫారీ ఎక్కండి. తెరిచిన ట్రక్కులో ఇరవై నిమిషాలు తిప్పుతారు. జిరాఫీలు, ఏనుగులు, సింహాలు, అన్నీ నిజమైనవే. ఎండెక్కితే సింహాలు రాళ్ల మధ్య పడుకుంటాయి. తర్వాత లయన్ కింగ్ షో ఏసీలో ఉంటుంది, పాటలు కొంచెం గట్టిగా ఉన్నా పిల్లలు చప్పట్లు కొడతారు. ఆసియా వైపు ఆనందపూర్ అని ఓ కల్పిత ఊరు కట్టారు, నేపాల్, ఇండియా, ఇండోనేషియాలు చూసి. శిథిలమైన రాజమహల్ మధ్య పులులు తిరుగుతుంటాయి. మా నాన్న ఊళ్లో కాంట్రాక్టు పనులు చేసేవారు. పులిని ఒక్క నిమిషం చూశారు, గోడని మాత్రం పావుగంట చూశారు. కొత్త గోడని ఇంత పాతగా చేయడానికి ఎంత అయ్యుంటుందే అని నన్ను అడిగారు.

ఇక మిగిలిన రెండు పార్కులు. ఎప్‌కాట్‌లో నీమో, ఫ్రోజెన్, రెమీ లాంటివి బాబుకి బాగానే ఉంటాయి, కానీ నడక ఎక్కువ, మీ అత్తగారికి కష్టం. నాలుగో రోజు టికెట్ కొనే ఉంటే వెళ్లండి. హాలీవుడ్ స్టూడియోస్ ఈసారికి వదిలేయండి. పార్కు బాగోక కాదు, అక్కడ పేరున్నవి ఎక్కువగా పెద్ద పిల్లలవి.

బాబు పెప్పా పిగ్ చూస్తాడా? చూస్తుంటే, వింటర్ హేవెన్‌లో లెగోలాండ్ పక్కనే 2022లో పెప్పా పిగ్ థీమ్ పార్క్ తెరిచారు. డిస్నీ నుంచి గంట లోపు. మొత్తం ఈ వయసు పిల్లల కోసమే కట్టింది, చిన్నది, మూడు గంటల్లో అయిపోతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ రెండో పూట బదులు ఇది పెట్టుకున్నా నేను కాదనను. తాతయ్య, నానమ్మలకి మాత్రం అక్కడ చూడటానికి ఏమీ ఉండదు.

తిండి గురించి అడగలేదు గానీ అడుగుతారు. బయటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, మందు, విడి ఐసు ముక్కలు కూడదు. చిన్నపిల్లల ఫుడ్ జార్లు గాజువైనా పర్లేదు. నేను స్టీలు ఫ్లాస్కులో పెరుగన్నం పెట్టుకుంటాను. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపితే పన్నెండింటికి సరిగ్గా ఉంటుంది. పులిహోర, చపాతీ చుట్టలు, జంతికలు. కౌంటర్లలో ఐసు నీళ్లు అడిగితే ఫ్రీగా ఇస్తారు. కుళాయి నీళ్లకి ఇక్కడ ఓ వాసన ఉంటుంది, అత్తగారు తాగరు.

ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, దీనికీ డబ్బు లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ చివర ఎడమవైపు, ఫస్ట్ ఎయిడ్ పక్కన. డైపర్లు మార్చే గది, పాలిచ్చే గది, ఎత్తు కుర్చీలు, మైక్రోవేవ్, అన్నిటికంటే ముఖ్యం ఏసీ, నిశ్శబ్దం. వాడు మొండికేసినప్పుడు అక్కడ కూర్చోబెట్టి పప్పన్నం వేడి చేసి పెట్టండి, ఇరవై నిమిషాల్లో మనిషవుతాడు. తప్పిపోయిన పిల్లల్ని చేర్చేదీ అక్కడికే. పొద్దున హోటల్లోంచి బయల్దేరేటప్పుడు బాబుకి ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి, చేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి.

ట్రిప్‌కి ముందు డైపర్ మాన్పించే ప్రయత్నం మొదలెట్టకండి. మొదలెట్టి ఉంటే, సెన్సార్ టాయిలెట్లు పిల్లాడు కూర్చుని ఉండగానే హఠాత్తుగా ఫ్లష్ అవుతాయి, దడుచుకుంటారు. సెన్సార్ మీద అంటించడానికి పర్సులో చిన్న పసుపు స్టికీ కాగితాలు పెట్టుకోండి. నవ్వుకుంటారు గానీ పనికొస్తుంది.

స్ట్రోలర్ మీదే తీసుకెళ్లండి, విమానంలో దానికి విడిగా డబ్బు తీసుకోరు. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 దాటకూడదు. లాగే బండ్లు రానివ్వరు. పార్కులో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు, పార్కు బయటికి తేకూడదు. నిద్రకి పనికిరావు. ఒకసారి బయటి కంపెనీ దగ్గర ఆన్‌లైన్లో బుక్ చేస్తే, చక్రం ఊగుతున్న బండి హోటల్ ముందు పెట్టి పోయారు. మీరు రైడ్ ఎక్కి వచ్చేలోపు అక్కడివాళ్లు స్ట్రోలర్లు వరసగా సర్ది పక్కకి జరుపుతారు, పోయిందని కంగారు పడకండి. హ్యాండిల్‌కి పాత చున్నీ ముక్క కట్టండి, వందల నల్ల బండ్లలో దూరం నుంచే కనిపిస్తుంది. బస్సు ఎక్కేటప్పుడు మడవాలి, అందుకని బండిలో పది సంచులు వేలాడదీయకండి.

ఖాళీ రోజు ఏం చెయ్యాలంటే, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో సనా అనే రెస్టారెంటుకి వెళ్లండి. పార్కు టికెట్ అక్కర్లేదు, టేబుల్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. నాన్ రొట్టెలు రకరకాల పచ్చళ్లతో ఇస్తారు, కిటికీ అవతల జిరాఫీలు మేస్తుంటాయి. మీ అత్తగారు అక్కడ కడుపునిండా తింటారని నేను హామీ ఇవ్వగలను. మోనోరైలు ఎక్కడానికీ టికెట్ లేదు, పిల్లలకి అదొక రైడే.

చివరగా మోకాళ్లు. సగం రోజుకే నా ఫోన్లో పన్నెండు వేల అడుగులు దాటుతాయి. గేటు దగ్గర వీల్‌చైర్ అద్దెకి దొరుకుతుంది, ముందే తీసుకోండి. మనవాళ్లకి ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అడగడానికి మొహమాటం ఉండదు గానీ, పార్కులో మనవడి ముందు కూర్చోమంటే పరువు అడ్డొస్తుంది. మా అత్తగారు "నేనేమన్నా మంచాన పడ్డానా" అన్నారు. సరేలెండి సంచులకి తీసుకుంటున్నా అని, వీల్‌చైర్ అద్దెకి తీసుకుని సంచులు దాంట్లో పెట్టాను. గంట తర్వాత సంచులు పడిపోకుండా పట్టుకోవాలని ఆవిడే కూర్చున్నారు. ఇంకో పది నిమిషాలకి మావాడు స్ట్రోలర్ వదిలేసి నానమ్మ ఒళ్లో ఎక్కాడు. ఆ పూటంతా ఖాళీ స్ట్రోలర్ నేను తోశాను, వాళ్లిద్దర్నీ మా ఆయన తోశారు.

తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి, ఏ రోజు ఏ పార్కో చూసి చెప్తాను.